మోగిందని రాసిన డ్రమ్ములు

మా పక్కింటి బ్రేకు మేస్త్రీ గారు పోయారు. జనవరి మూడో వారం, బుధవారం ఉదయం. గవర్నర్‌పేటలో ఒక హోటలు మేడ మీద విలేకరుల సమావేశంలో ఉన్నాను. జేబులో ఫోను రెండుసార్లు అదిరి ఆగింది. మూడోసారి బయటికి వచ్చి ఎత్తాను. ఆటోనగర్‌లో మేస్త్రీ గారి పక్క షెడ్డులో లేతు మిషను నడిపే పెద్దాయన చేశాడు.

"వెళ్లిపోయాడండీ మా బావ. టిఫిను తిని, చెప్పులు వేసుకుంటా గుమ్మంలో కూలబడ్డాడంట. ఆస్పత్రికి తీసుకెళ్లేలోపే అయిపోయింది."

నేను ఏదో అన్నాను. ఆయన వినలేదు. అడక్కుండానే ఇంకో మాట చెప్పాడు.

"ఆ ఒక్కటీ దొరకలేదండీ."

ఆ ఒక్కటీ ఏమిటో పాఠకులకు ముందే చెప్పేస్తాను. అది ఒక చిన్న స్కూలు వ్యాను వెనక ఎడమ చక్రంలో ఉండే బ్రేకు డ్రమ్ము. దాన్లో పగులు ఉండవచ్చు, ఉండకపోవచ్చు. బాగుందని చెప్పి పంపింది మేస్త్రీ గారే. అలా చెప్పే అర్హత అప్పటికే తనకు లేదని తెలిసిన రోజు నుంచి, పోయిన రోజు దాకా, ఆయన దాని కోసం వెతికారు. ఆ వ్యాను ఇప్పటికీ ఎక్కడో తిరుగుతోంది.

ఆయనతో నా పరిచయం ఒక తప్పుతో మొదలైంది. తప్పు నాది. పక్కపక్క ఇళ్లలో మూడేళ్లుగా ఉంటున్నా, తలూపుకోవడం తప్ప మాటల్లేవు. ఒకరోజు ఉదయం పిట్టగోడ దగ్గర నిలబడి పేపరు చూపించారు.

"రిపోర్టర్ గారూ, ఇది మీరు రాసిందేనా?"

కాలవ వంతెన దిగుతూ ఒక లారీ బోల్తా పడింది. డ్రైవరు ఒక కాలు నుజ్జయింది. ఆ వార్త నాదే.

"నేనేనండీ."

"బ్రేకులు ఫెయిల్ కావడంతో అని రాశారు. మీరు చూశారా?"

"పోలీసులు చెప్పారండీ."

"వాళ్లు చూశారా?"

నేను గోడ మీదుగా వంగి ఆ వాక్యం మళ్లీ చదివాను.

"బ్రేకులు వాటంతటవి ఫెయిలవ్వవండీ. ఎవరో ఒకళ్లు ఫెయిల్ చేస్తారు. ఆ బండి ముందు నా షెడ్డుకే వచ్చింది. డ్రమ్ము పగిలింది, కొత్తది వేస్తేనే చేస్తానన్నాను. ఓనరు తీసుకుపోయి ఎక్కడో వెల్డింగు పెట్టించాడు."

"మరి ఈ సంగతి మీరు ఎవరికైనా చెప్పారా?"

ఆయన పేపరు మడిచి చంకలో పెట్టుకుని లోపలికి వెళ్లిపోయారు. ఆ సాయంత్రం ఆస్పత్రికి వెళ్లి డ్రైవర్ని చూసి వచ్చారని తర్వాత తెలిసింది. డ్రైవరు ఆయన్ని ఏమీ అనలేదట. "మీరు చెయ్యనన్నారని నాకెవరూ చెప్పలా మేస్త్రీ గారూ, చెప్తే నేను ఆ బండెక్కేవాణ్ణా?" అని మాత్రం అడిగాడట.

ఆ మాట ఆయనకు ఎంత లోతుగా దిగిందో కొత్త సంవత్సరం రోజు చూశాను. ఒకటో తారీఖు ఉదయం చర్చి నుంచి వచ్చాక ఆయన భార్య మా ఇంటికి కేకు పట్టుకొచ్చారు. వెనకే ఆయన. ఇస్త్రీ చొక్కా జేబులో ఒక చిన్న కార్డు ఉంది. ఏడాది మొదట్లో వాళ్ల చర్చిలో ఒక పళ్లెంలో వాక్యాల కార్డులు బోర్లించి ఉంచుతారు. ఎవరి చేతికి వచ్చిన వాక్యం ఆ ఏడాదికి వాళ్లకు దేవుడిచ్చిన వాగ్దానం. చాలామంది దాన్ని బీరువా తలుపుకో, బైకు ట్యాంకు మీదో అంటిస్తారు. ఈయన తిప్పి చూపించారు. వెనక బాల్‌పాయింటు పెన్నుతో, కష్టపడి రాసిన పెద్ద అక్షరాల్లో ఒక మాట ఉంది: "చెయ్యనని ఊరుకోను. డ్రైవరుకు చెబుతాను."

"ముందువైపు దేవుడు నాకిచ్చిన మాటండీ. వెనకవైపు నేను దేవుడికిచ్చే మాట. ఒక్క ఆయనే ఇస్తా ఉంటే మర్యాదగా ఉండదు కదా."

షెడ్డు పెట్టినప్పటి నుంచీ ఆయనకది అలవాటట. పాత కార్డులు బైబిల్లోనే ఉన్నాయి. మొదటి వాటిలో ఒకదాని మీద "పాత రివెట్లు మళ్లీ వాడను" అని ఉంది. ఇంకొక దాని మీద "నేను నడిపి చూడకుండా బండి ఇవ్వను." ఇవన్నీ చిన్నవే. కానీ ఒకసారి రాసింది మరుసటి ఏడు రద్దయ్యేది కాదు. దాని మీద ఇంకొకటి చేరేది.

"మీరేమనుకున్నారండీ ఈ ఏడు?" అని నన్నడిగారు.

"పొద్దున్నే నడవాలనుకుంటున్నానండీ."

"మంచిదే. కాకపోతే మీరు నడవకపోతే ఇంకోళ్ల కాలేం విరగదు గదా." తనే నవ్వి, మళ్లీ మామూలుగా అన్నారు. "చూడంది రాయనని అనుకోండి. అది కష్టం."

అనుకున్నాను. నడక ఆ ఫిబ్రవరిలోనే ఆగింది. రెండోది ఇప్పటికీ పూర్తిగా పాటిస్తున్నానని చెప్పలేను. కానీ "బ్రేకులు ఫెయిల్ కావడంతో" అనే మాట ఆ తర్వాత నా పేరు మీద అచ్చు కాలేదు.

ఆయన పని గురించి కొంచెం చెప్పాలి. లారీలు, వ్యాన్ల చక్రం లోపల వెడల్పాటి గిన్నె లాంటి ఇనప డ్రమ్ము ఉంటుంది. బ్రేకు తొక్కితే లోపలి షూలు అనే వంపు పలకలు విచ్చుకుని దాన్ని ఒరుసుకుంటాయి, చక్రం ఆగుతుంది. ఆ డ్రమ్ములో వెంట్రుక సన్నం పగులు ఉన్నా కంటికి కనబడదు. మేస్త్రీ గారు డ్రమ్మును విప్పి, తుడిచి, ఒక కడ్డీకి వేలాడదీసి చిన్న సుత్తితో కొట్టేవారు. మంచి డ్రమ్ము గుడిగంటలా మోగుతుంది, ఆ మోత చివర సన్నగా సాగుతుంది. పగిలింది టక్కున ఆగిపోతుంది. మోగితే పుస్తకంలో బండి నంబరు, ఏ చక్రమో రాసి, పక్కన "మోగింది" అని రాసేవారు. ఆ ఒక్క మాట మీద బండి షెడ్డు దాటేది.

షెడ్డులో ఎవరూ గట్టిగా మాట్లాడకూడదు ఆ సమయంలో. ఆటోనగర్‌లో నిశ్శబ్దం దొరకదు కాబట్టి ఆయన కళ్లు మూసుకునేవారు. బస్సులో నా పక్కన కూర్చున్నా అంతే. స్టాపు రాగానే కళ్లు మూసుకుని, "వెనక కుడిది అరిగింది" అనేవారు. నిజమో కాదో నేనెప్పుడూ కనుక్కోలేదు. ఆయన చెబితే నిజమే అనుకునేవాళ్లం అందరం. ఇబ్బందంతా అక్కడే వచ్చింది.

ఏటేటా కార్డు వెనక నియమం పెరిగింది. అతుకు వేసిన డ్రమ్ము బిగించను. ఓనరు నిలబడి తొందరపెడితే స్పానరు కింద పెట్టేస్తాను. గిరాకీ నెలకు రెండు మూడు బళ్లకు తగ్గింది. లేతు పెద్దాయన ఆటపట్టించేవాడు.

"బావా, ఇట్టా ఏడాదికోటి రాసుకుంటా పోతే పదేళ్లకి నువ్వు చేసే పనేం మిగల్దు."

"మిగిలిందే చేస్తా బావా."

"మిగిలింది నా లేతు ఊడవటం ఒకటే."

"అదీ చేస్తా. కానీ నువ్వు నిలబడి తొందరపెట్టకూడదు."

"పోయినేడు సరిపోయింది ఈ ఏడు సరిపోదండీ" అని నాతో అనేవారు. "బళ్లు బరువెక్కినయ్, రోడ్లు నున్నగయినయ్, స్పీడు పెరిగింది. మన పట్టు మాత్రం అట్టానే ఉంటే ఎట్టా?"

కిందటేడాదికి ముందటి డిసెంబరు. నేను ఆ రోజు షెడ్డులోనే ఉన్నాను. ఏదో వార్త కోసం ఆటోనగర్ వెళ్లి, టీ తాగుదామని ఆయన దగ్గర ఆగాను. ఒక ట్రక్కు ఆటో డ్రమ్ము కడ్డీకి వేలాడుతోంది. ఆయన కొట్టారు, కళ్లు మూసుకుని విన్నారు, పుస్తకం అందుకున్నారు. టీ గ్లాసుతో గుమ్మంలో నిలబడ్డ లేతు పెద్దాయన అన్నాడు:

"ఏంది బావా రాస్తున్నావు?"

"మోగిందని."

"ఏదీ, మళ్లీ కొట్టు."

కొట్టారు.

"మోగిందిగా."

"ఎక్కడ మోగింది? చచ్చిపోయిందది."

మేస్త్రీ గారు నవ్వారు. లేతు పెద్దాయన నవ్వలేదు. గ్లాసు కింద పెట్టి, డ్రమ్ము దింపి, కిరసనాయిలు పూసి, బాగా తుడిచేసి, చాక్‌పీసు పొడి చల్లాడు. కాసేపు ముగ్గురం చూస్తూ నిలబడ్డాం. తెల్లటి పొడి మీద, అంచు నుంచి లోపలికి, నల్లటి తడి గీత ఒకటి మెల్లగా బయటపడింది. పగుల్లో దాగిన కిరసనాయిలు అది.

మేస్త్రీ గారు సుత్తి అందుకుని ఇంకోసారి కొట్టారు. మళ్లీ కొట్టారు. పక్కనే ఒక మంచి డ్రమ్ము ఉంటే దాన్నీ కొట్టారు. రెండూ ఆయనకు ఒకేలా వినిపిస్తున్నాయని మాకు అర్థమవడానికి కొంచెంసేపు పట్టింది. ఆయన పుస్తకం మూసి, "ఇవాళ్టికి చాలు" అన్నారు. అప్పటికి పదకొండు కూడా కాలేదు.

చెవి డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్లాను. గాజు గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, మోత వినిపించినప్పుడల్లా చెయ్యెత్తమన్నారు. చాలాసేపు చెయ్యి ఎత్తలేదు. సన్నని మోతలు వినే శక్తి రెండు చెవుల్లోనూ పోయిందని, మామూలు మాటలు వినబడతాయి కాబట్టి తెలిసి ఉండదని డాక్టరు చెప్పారు. ఏళ్ల తరబడి ఇనుము మోతలో పనిచేసేవాళ్లకు ఇది వస్తుందట.

మేస్త్రీ గారు చెవి మిషను గురించి అడగలేదు, మందు గురించి అడగలేదు. "ఎప్పటి నుంచండీ?" అని అడిగారు.

"ఒక్కరోజులో పోదండీ. కొంచెం కొంచెంగా పోతుంది. ఫలానా రోజని చెప్పలేం."

"అదే అడుగుతున్నానండీ. ఎప్పటి నుంచి?"

డాక్టరు నా వైపు చూశారు.

ఆటోలో వస్తూ ఆయన అన్న మాటలు ఆ రోజే రాసి పెట్టుకున్నాను. "ఏడాదికేడాది నేను కార్డు మీద గట్టిగా రాసుకుంటా వచ్చానండీ. లోపల చెవి ఏడాదికేడాది తక్కువ మోతకే మంచిదంటా వచ్చింది. నాకు తెలవకుండా."

డాక్టరు చెప్పలేని జవాబు ఇంట్లో ఉంది. ఆయన రిపోర్టు బల్ల మీద పెట్టగానే భార్య దాన్ని తీసి చూడలేదు. వంటింటి గుమ్మంలోనే నిలబడ్డారు.

"నాకు తెలుసండీ" అన్నారు.

"ఏం తెలుసు?"

"మొన్నటి వానలు కాదు, అంతకుముందు వానల నుంచీ. కుక్కరు విజిలు మీకు వినబడట్లా. గేటు కిర్రుమంటే తల తిప్పట్లా. నేనే లేచి పోతన్నా."

"చెప్పలేదే?"

"చెప్తే షెడ్డు మూసేస్తారు. మూసేసి ఇంట్లో ఏం చేస్తారండీ మీరు? ఆ కుర్చీలో కూర్చుని మీరు ఎట్టా అయిపోతారోనని..." ఆమె చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. "పెద్ద మోతలు వినబడతన్నయ్ గదా అనుకున్నా. ఇంత సన్నంగా వినాలని నాకేం తెలుసు?"

ఆయన పుస్తకం తీసి, అంతకుముందు ఏడాది జూన్ పేజీ తెరిచి, వేలు పెట్టి, అక్కడి నుంచి లెక్కపెట్టుకుంటూ వచ్చారు. నలభై మూడు బళ్లు. ప్రతిదాని పక్కనా "మోగింది" అని ఆయన చేతిరాతే.

కిందటి జనవరి ఒకటిన కార్డు వెనక రాసింది ఇది: "మంచిదన్న ప్రతి డ్రమ్మూ మళ్లీ చూస్తాను." షెడ్డు ఇంకొకరికి అప్పగించేశారు. కొత్త సంవత్సరానికి మనం చాలా అనుకుంటాం. చెయ్యబోయే పని ఇంకా బాగా చేస్తామని అనుకోవడం నాకు తెలుసు. చేసేసిన పనిని, ఎవరూ ఫిర్యాదు చెయ్యని పనిని, వెనక్కి వెళ్లి తిరగదోడాలని రాసుకున్నవాళ్లను నేను వేరే చూడలేదు.

ఇద్దరూ కలిసి తిరిగేవారు. మేస్త్రీ గారు విప్పి కొట్టేవారు, లేతు పెద్దాయన వినేవాడు. అనుమానం ఉంటే చాక్‌పీసు పొడి. పని కూలి లేదు. బస్సుల్లో ఉయ్యూరు, గుడివాడ, కంకిపాడు. "ఈ వయసులో నన్ను చెవి కింద పెట్టుకున్నాడండీ మీ మేస్త్రి" అని లేతు పెద్దాయన నాతో మొర పెట్టుకునేవాడు. నంబర్లు పట్టుకుని బళ్ల జాడ తీయడం నా వంతు.

ఒకసారి మైలవరం నేనూ వెళ్లాను. మామిడికాయలు తోలే మినీ లారీ. ఓనరు మంచి రైతు, నోరు మాత్రం కరుకు.

"చేసినప్పుడు బాగుందన్నావు. ఇప్పుడొచ్చి చూడాలంటావు. రెండిట్లో ఏది అబద్ధం పెద్దాయనా?"

"అప్పటిదండీ" అన్నారు మేస్త్రీ గారు. "నాకు తెలవకుండా ఆడిన అబద్ధం."

ఓనరు మంచం మీద నుంచి లేచాడు. "ఊరికే విప్పుతావా?"

"ఊరికేనండీ."

"మీకేమన్నా మొక్కా ఇది?"

"అట్టాంటిదే."

కుడి ముందు చక్రం విప్పి కొట్టారు. లేతు పెద్దాయన ముఖం చూసి మేస్త్రీ గారు మళ్లీ కొట్టలేదు. పొడి చల్లితే వచ్చిన గీత డ్రమ్ము సగం దాకా పోయింది. ఓనరు వంగి, గోరు పెట్టి చూశాడు. గోరు దిగింది. ఆ లారీలో ముందు రోజు పెళ్లికి తన పిల్లలను, చెల్లెలి పిల్లలను ఎక్కించుకుని వెళ్లి వచ్చాడని అతనే చెప్పాడు. ఇంట్లోకి కేకేసి మాకు మజ్జిగ తెప్పించాడు. మేస్త్రీ గారు గ్లాసు పట్టుకున్నారు గానీ తాగలేదు.

నలభై మూడింటిలో నలభై రెండు దొరికాయి. మూడింటిలో పగుళ్లున్నాయి. అవి ఆయన చూసినప్పుడే ఉన్నాయో, తర్వాత వచ్చాయో ఎవరూ చెప్పలేరు. ఆ సందేహాన్ని ఆయన ఒక్కసారి కూడా తనకు అనుకూలంగా వాడుకోలేదు.

దొరకనిది స్కూలు వ్యాను. ఆ స్కూలు మూతపడింది. బండిని పాత ఇనుము కింద అమ్మేశామని యాజమాన్యం చెప్పింది. పాత ఇనుము వ్యాపారిని వెతికి పట్టుకున్నాం. అతను బండిని విరగ్గొట్టలేదు. "ఇంజను బానే ఉందండీ, విరగ్గొట్టడానికి చెయ్యి రాలా" అన్నాడు. రొయ్యలు ఒలిచే షెడ్లకు ఆడ కూలీలను తోలే ఒకతను కొన్నాడట. పేరు గుర్తులేదు, కాగితాలు లేవు. మచిలీపట్నం వైపని ఒకసారి, కైకలూరు వైపని ఒకసారి చెప్పాడు. రికార్డుల్లో ఆ వ్యాను ఇప్పటికీ మూతపడ్డ స్కూలు పేరు మీదే ఉంది. తెల్ల రంగు వేసి ఉంటారు. నంబరు ప్లేటు కూడా మారి ఉండవచ్చు.

ఆ సంగతి తెలిసినప్పటి నుంచి మేస్త్రీ గారు రోజూ ఉదయం పిట్టగోడ దగ్గరికి వచ్చేవారు. పేపరు నా చేతిలో ఉండేది. "ఇవాళేమన్నా యాక్సిడెంట్లు ఉన్నయ్యాండీ?" అనేవారు. నేను జిల్లా పేజీలన్నీ తిప్పి చూసి, "వ్యానుది లేదండీ" అనేవాణ్ణి. తలూపి వెళ్లిపోయేవారు. కొన్నిసార్లు వ్యాను ఉండేది. ఏ వ్యానో, ఏ చక్రమో ఫోను చేసి కనుక్కునేదాకా ఆయన గోడ దగ్గరే నిలబడేవారు. ఒకసారి అలా నలభై నిమిషాలు నిలబడ్డారు. ఎండ వచ్చినా కదల్లేదు. ఆ బండి టైరు పేలి పడిందని తేలాక, "వాళ్లకెట్టా ఉందండీ?" అని అడిగారు. ముందు అడగాల్సిన ఆ ప్రశ్న నాకు తట్టలేదు.

ఈ జనవరి ఒకటిన కూడా కేకు వచ్చింది, వెనక ఆయనా వచ్చారు. కార్డు తిప్పి చూపించమన్నాను. వెనకవైపు ఖాళీ.

"ఏం రాయలేదేంటండీ?"

"పోయినేడాదిదే తీరలా. తీరకుండా కొత్తది రాస్తే అది రాసుకోవటమే అవుద్ది గానీ చెయ్యటం అవ్వదు." గోడ మీద చెయ్యి ఆనించి మళ్లీ అన్నారు. "ఆ వ్యాను నాకు గుర్తేనండీ. మోత కూడా గుర్తుంది, బాగా మోగింది. అదే భయంగా ఉంది."

ఇరవై రోజులు గడవలేదు. పోయిన రోజు ఉదయం ఆయన బయల్దేరింది కైకలూరుకే.

సమాధుల తోటలో ప్రార్థన అయ్యాక డ్రైవర్లు చాలామంది నిలబడి ఉన్నారు. వంతెన దగ్గర కాలు పోయిన లారీ డ్రైవరు చేతికర్ర మీద వచ్చాడు. నాలుగో రోజు మేస్త్రీ గారి భార్య నన్ను పిలిచి పుస్తకం చేతిలో పెట్టారు. నలభై రెండు చోట్ల "మోగింది" కొట్టేసి, పక్కన తేదీ వేసి ఉంది. ఒకచోట మాత్రం అలాగే ఉంది.

"ఆయన నన్నొక మాటన్నా తిట్టలేదండీ" అన్నారు ఆమె. "తిట్టినా బాగుండేది. మీరు దాన్ని వెతకండి. దొరికితే నాకొచ్చి చెప్పండి. దొరక్కపోతే... చెప్పకండి."

ఇది చదివేవారిలో ఎవరైనా రొయ్యల షెడ్లకు మనుషులను తోలే పాత వ్యాను నడుపుతుంటే, అది ఒకప్పుడు స్కూలు వ్యాను అయితే, తలుపు అంచున తెల్ల రంగు కింద పసుపు కనిపిస్తుంటే, వెనక ఎడమ చక్రం విప్పించి డ్రమ్ము చూపించండి. ఓనరుకు చెప్పి ఊరుకోవద్దు. బండిలో కూర్చునేవాళ్లకు చెప్పండి.

ఆదివారాలు నేనూ లేతు పెద్దాయనా వెళ్తున్నాం. మొన్న తెల్లవారాక కైకలూరు దాటి, చేపల చెరువుల మధ్య గట్టు మీద రోడ్డు దిగే చోట నిలబడ్డాం. అదే షెడ్లకు పోయే దారి అని టీ కొట్టతను చెప్పాడు. మంచు ఇంకా చెరువుల మీద నుంచి లేవలేదు. అరగంటలో ఆరు వ్యాన్లు పోయాయి, ఆరూ తెల్లవే. రెండు ఆగాయి, చూసి పంపించాం. ఏడోది వస్తుంటే దాని తలుపు కింద అంచున రంగు పెచ్చు లేచి ఉన్నట్టు నాకనిపించింది. పసుపో, తుప్పో, మంచులో తేల్చుకోలేకపోయాను. లేతు పెద్దాయన రోడ్డు మధ్యదాకా వెళ్లి చెయ్యెత్తాడు.

డ్రైవరు మమ్మల్ని చూశాడు. ఎక్కించుకోమంటున్నాం అనుకున్నాడు. లోపల ఆడవాళ్లు ఒకరి మీద ఒకరు ఆనుకుని, క్యారేజీలు ఒళ్లో పెట్టుకుని ఉన్నారు. కొందరు నిద్రలో ఉన్నారు. ఖాళీ లేదన్నట్టు అతను చెయ్యి అడ్డంగా ఊపి, హారను కొట్టి, పెద్దాయన్ని తప్పించి, గట్టు వాలులోకి దిగిపోయాడు. వెనక అద్దంలోంచి ఒకామె మా వైపు చూసి నవ్వింది.